బంకర్‌హిల్ స్మారకస్తంభము

యుద్ధమున మడిసినవారికి స్మారకచిహ్నము నిలుపుదమని సంకల్పించుట సులభము. సభ చేరును, ఉపన్యాసములు జరుగును, చందాపట్టీలో పెద్దల పేరులు ముందుగా వ్రాయబడును, పునాదిరాయి వేయుదురు. ఆ మీద నేమగునో ఇట్టి కార్యములకు చందా లడిగినవారును, ఇచ్చినవారును, ఇత్తుమని వ్రాసి యీయనివారును చక్కగా నెఱుగుదురు. ఇది యే యొక్క దేశమునకో చెందిన లోపము కాదు. అమెరికాదేశము తన స్వాతంత్ర్యయుద్ధపు తొలినాళ్లలో ప్రాణము లర్పించినవారి పేర నెత్తిన మహాస్తంభ మొకటి కలదు. దానికి 1825లో శంకుస్థాపన జరిగెను. 1842లో గాని అది పూర్తి కాలేదు. ఈ నడుమ నేమి జరిగెనో, తుద కెవరి చేతులమీదుగా నది ముగిసెనో తెలిసికొనుట మనకు మిక్కిలి ప్రయోజనకరము. ఏలనన, ఈ కథలో స్మారకచిహ్నములను గూర్చిన ధర్మసందేహములన్నియు నిమిడియున్నవి: ఎవరు స్మరింపవలెను? ఎవరు వ్యయము భరింపవలెను? రాయి నిలిచిన తరువాత మృతుల ఋణము తీఱినట్లేనా?

బోస్టన్ నగరమునకు ఉత్తరమున, చార్లెస్ నది కావలియొడ్డున చార్లెస్‌టౌను అను పేట కలదు. అచ్చటి చిన్నకొండమీద 221 అడుగుల యెత్తుగల గ్రానైటుస్తంభము నిలిచియున్నది. అది నాలుగు పలకలుగా లేచి, పైకి పోయినకొలది సన్నగిలి, కొనయందు కూచిగా ముగియును. లోపల 294 మెట్లు కలవు. దీనికి బంకర్‌హిల్ స్తంభమని పేరు. నిజమునకు స్తంభమున్న కొండ బంకర్‌హిల్ కాదు. దాని ప్రక్కనున్న బ్రీడ్స్‌హిల్. పోరు ముఖ్యముగా నచ్చటనే జరిగినను లోకము పెద్దకొండ పేరునే పట్టుకొన్నది.

1775వ సంవత్సరము జూన్ 16వ తేదీ రాత్రి, బోస్టన్‌లోని ఆంగ్లసైన్యమును ముట్టడించియున్న వలసప్రజలలో కొందఱు కర్నల్ ప్రెస్కాటు నాయకత్వమున నీ కొండ నెక్కి, తెల్లవాఱునంతలో మట్టికోట యొకటి కట్టిరి. వారిలో పెక్కుమంది యుద్ధమే వృత్తిగా గలవారు కారు. రైతులు, చేతిపనివారు, దుకాణదారులు. మఱునాడు జనరల్ హౌ సేనలు మూడుమారులు కొండమీదికి నడచెను. రెండుమారులు వెనుకకు తఱుమబడెను. మూడవమారు కోటలోనివారికి తుపాకిమందు నిండుకొన్నది. కొండ ఆంగ్లేయుల చేజిక్కెను. కాని దానికై వారిలో 226 మంది మరణించిరి, 828 మంది గాయపడిరి. వలసవారిలో మృతులు, క్షతగాత్రులు, పట్టుబడినవారు కలిసి ఇంచుమించు 450 మంది. చార్లెస్‌టౌను కాలి బూడిదయ్యెను. లెక్కకు ఓటమియే యైనను, శిక్షితమైన రాజసేన యెదుట సామాన్యులు నిలువగలరని లోకమునకు తెలిసిన దినమది.

ఆ దినమున మృతిచెందినవారిలో డాక్టరు జోసెఫ్ వారెన్ ప్రముఖుడు. వయస్సు 34 ఏండ్లు. మేజర్ జనరలుగా నియమింపబడియుండియు, సామాన్యసైనికునివలె తుపాకి పట్టి కోటలో నిలిచెను. శత్రువు లతనిని గుంటలో పాతిరి. మఱుసటి యేడు ఆంగ్లసేన బోస్టన్‌ను విడిచిపోయిన తరువాత శవమును త్రవ్వితీసి, తాను కట్టిన కృత్రిమదంతమును చూచి పాల్ రెవియర్ అను వెండిపనివాడు ఆనవాలు పట్టెను. వారెన్ ఫ్రీమేసనుల సంఘమున పెద్ద. కావున 1794లో చార్లెస్‌టౌను మేసనులు తమ ఖర్చుతోనే ఆ కొండమీద 18 అడుగుల కొయ్యస్తంభము నిలిపిరి. మొదటి స్మారక మదియే. ఎవరి నర్థింపకయే, తమలో తాము కూడబెట్టుకొన్న ధనముతో, తమవానికై చేసిన పని. దాని పాలరాతి ప్రతిరూపమును తరువాతివారు పెద్దస్తంభము లోపల నుంచిరి.

కొయ్య యెంతకాలము నిలుచును? 1822లో ఆ యుద్ధభూమి యమ్మకమునకు రానున్నదని తెలిసి, మృతవీరుని సోదరపుత్రుడైన డాక్టరు జాన్ కాలిన్స్ వారెన్ మూడెకరముల నేలను ముందుగా కొనియుంచెను. 1823లో బంకర్‌హిల్ స్మారకసంఘము చట్టప్రకార మేర్పడెను. అందు న్యాయవాదులు, వర్తకులు, విద్వాంసులు, శాసనసభ్యులు చేరిరి. ఊరూరికి విజ్ఞాపనపత్రములు పోయెను. సంఘము కొండపై 15 ఎకరముల నేలను సంపాదించెను. ఆరంభము ఇంత ఘనముగా నుండెను.

1825 జూన్ 17వ తేదీకి యుద్ధము జరిగి సరిగా 50 ఏండ్లు. ఆనాటి యుత్సవము అమెరికా చూచిన మహోత్సవములలో నొకటి. ఫ్రాన్సునుండి వచ్చి వలసవారి పక్షమున పోరాడిన లఫయేతు ప్రభువు వృద్ధుడై మరల నా దేశమునకు వచ్చియుండెను. శంకుస్థాపన అతని సమక్షముననే జరిగెను. డేనియల్ వెబ్‌స్టర్ మహోపన్యాసము చేసెను. ఆ కొండమీద పోరాడి బ్రతికియున్న ముసలివారు 40 మంది వరకు వచ్చిరి. తిరిగి పోవునపుడు లఫయేతు ఆ కొండమన్ను కొంత తనతో తీసికొనిపోయెను. 1834లో అతడు మరణింపగా పారిసు నగరమున నతని సమాధిపై నా మన్నునే చల్లిరి. అన్యదేశస్థుడొకడు పిడికెడు మట్టిని అట్లు భద్రపఱచుకొనెను. దేశస్థులు ఆ మట్టి నేమి చేసిరో ముందు చూతము.

పని సొలొమన్ విల్లర్డ్ అను శిల్పి కప్పగింపబడెను. అతడు తన శ్రమకు జీతము పుచ్చుకొననని, ఖర్చులు మాత్రమే చాలునని చెప్పెను. క్విన్సీ యను గ్రామమున మంచి గ్రానైటు గని దొరికినది. అంత బరువైన రాళ్లు నదివఱకు చేరుట యెట్లు? గ్రిడ్లీ బ్రయంట్ అను నాతడు ఇంచుమించు మూడుమైళ్ల పొడవున పట్టాలదారి వేసెను. గుఱ్ఱములు బండ్లను లాగుచుండ, రాళ్లు నెపాన్సెట్ నది యొడ్డునకు వచ్చి, అచ్చటినుండి పడవలపై చార్లెస్‌టౌను చేరుచుండెను. 1826లో నడచిన ఈ దారి అమెరికాదేశపు మొట్టమొదటి రైలుదారులలో నొకటి. నేర్పు కొఱతపడలేదు, రాయి కొఱతపడలేదు, జీతము గోరని శిల్పియు దొరికెను. కొఱతపడినది ధనమొక్కటే.

స్తంభము 40 అడుగులైన లేవకమునుపే, 1829 నాటికి పని ఆగిపోయెను. వ్రాసిన చందాలు వసూలు కాలేదు. అప్పులు పెరిగినవి, అప్పులకు యుద్ధభూమియే తాకట్టుపడెను. 1833-34లలో బోస్టన్ చేతిపనివారి సంఘము పూనుకొని కొంత ధనము కూర్చగా స్తంభము 80 అడుగులు దాటెను. మరల ధనము చాలలేదు. 1837లో దేశమంతట వర్తకము కుప్పకూలి, బ్యాంకులు మూతపడినవి. తుదకు సంఘము ఏమి చేసెను? అప్పులు తీర్చుటకై యుద్ధభూమిని ఇండ్లస్థలములుగా విభజించి అమ్మివేసెను. 15 ఎకరములలో కొండశిఖరమున నున్న కొంచెపు నేల తప్ప తక్కినదంతయు చేయిజాఱెను. వీరులు పడిన నేలనమ్మి వీరులకు స్తంభము కట్టవలసి వచ్చెను! అదియు సగములో నిలిచిపోయెను. వచ్చిపోవువారికది అవమానచిహ్నముగా కనబడజొచ్చెను.

ఇట్లేల జరిగెను? ఆ పెద్దలు దేశభక్తి లేనివారు కారు. కాని వారు చందా నడిగిన తీరున నొక లోపమున్నది. ధనవంతుడు వందలిచ్చును, మధ్యతరగతివాడు కొలదిగ నిచ్చును, దానితో కార్యము ముగియునని వారి లెక్క. ఇండ్లలోని సగము జనము వారి లెక్కలో లేదు. స్త్రీలు సభకు వచ్చి కూర్చుండవచ్చును, కన్నీరు విడువవచ్చును. కాని కార్యభారము వహింపవచ్చునని వారికి తోచలేదు. 

సారా జోసెఫా హేల్ అను నామె పేరు మన పాఠకులలో ననేకు లెఱుగరు. కాని ఆమె వ్రాసిన చిన్నపాట నెఱుగనివా రరుదు. మేరీయను బాలిక వెంట బడికి వచ్చిన గొఱ్ఱెపిల్లను గూర్చి మన పిల్లలు ఇంగ్లీషుబడులలో పాడు పాట ఆమె 1830లో ప్రకటించినదే. ఆమె 1788లో న్యూహాంప్‌షైర్ రాష్ట్రమున బుట్టెను. తండ్రి స్వాతంత్ర్యయుద్ధమున పనిచేసిన సైనికుడు. ఆ కాలమున స్త్రీలకు కళాశాలాప్రవేశము లేకుండుటచే, కళాశాలలో చదువుచున్న అన్న పుస్తకములను చూచి ఇంటనే చదువుకొనెను. 1822లో, అనగా డాక్టరు వారెన్ యుద్ధభూమిని కొన్న యేటనే, భర్త మరణించెను. అయిదుగురు పిల్లలు, ఆస్తి లేదు. టోపీల దుకాణము పెట్టిచూచెను. పద్యములు, నవల వ్రాసెను. 1828నుండి బోస్టన్‌లో స్త్రీలకై యొక మాసపత్రికకు సంపాదకురా లయ్యెను. జీవితాంతము నల్లదుస్తులనే ధరించిన ఈ వితంతువు కలముతో పిల్లలను పోషించి, పెద్దచదువులు చెప్పించెను.

1830లో ఆమె తన పత్రికయందు, పురుషులు విడిచిన పనిని స్త్రీలు పూర్తిచేయుదురు గాక యని వ్రాసెను. న్యూఇంగ్లండు రాష్ట్రములలోని స్త్రీలందఱు తలకొక చిన్నమొత్తము నిచ్చినచో స్తంభము లేచునని ఆమె లెక్క. వెంటనే పరిహాసములు బయలుదేఱెను. ఆడువారికి స్తంభములతో నేమి పని? వారి చేతిలో ధనమెక్కడిది? భర్త యనుమతి లేక భార్య యిచ్చునా? ఈ కడపటి ప్రశ్న వట్టి పరిహాసము కాదు. అది యానాటి న్యాయశాస్త్రము. వివాహమైన స్త్రీకి తన సంపాదనపైనను, పుట్టింటినుండి తెచ్చుకొన్న సొమ్ముపైనను స్వామ్యము లేదు, అన్నియు భర్తవే. ఆ రాష్ట్రమున వివాహిత తన యాస్తిని తానే యేలుకొనవచ్చునను చట్టము 1855లో గాని సంపూర్ణముగా రాలేదు. తనదని చెప్పుకొనుటకు కాసు లేనివారిని కాసు లిమ్మని యడుగవలసివచ్చెను. ఆ మొదటి ప్రయత్నమున కొంచెపు ధనమే చేరినది. ఆడువారి వలన కాదని లోకము తీర్మానించుకొన్నది.

హేల్ నిరుత్సాహపడలేదు, నేర్చుకొన్నది. 1833లో ఆమె బోస్టన్ నావికుల కుటుంబములకై యొక సహాయసంఘమును స్థాపించెను. సముద్రముపై పోయిన భర్తలు నెలలతరబడి రాకుండిన పేదస్త్రీలకు ఊరక దానమిచ్చుటకంటె, కుట్టుపని నిచ్చి తగిన కూలి నిచ్చుట మేలని ఆమె గ్రహించెను. వారు కుట్టిన దుస్తుల నమ్ముటకు దుకాణము వెలసెను. స్త్రీ చేతిలో రొక్కము లేకపోవచ్చును, చేతిపని యున్నది. ఆ చేతిపనికి వెల కట్టి సంతలో పెట్టినచో అదియే రొక్కమగును. ఈ సూక్ష్మమును బోస్టన్‌లో నెఱిగినవా రింకొక వర్గమువారును కలరు. నల్లబానిసల విముక్తికై పాటుపడు స్త్రీలు 1834నుండి యేటేట విక్రయోత్సవము జరిపి, తాము కుట్టిన వస్తువుల నమ్మి, ఆ ధనమును తమ యుద్యమమునకు వినియోగించుచుండిరి. ఈ సంగతిని పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. దీనితో మఱల పని గలదు.

1839లో ఏమాస్ లారెన్సు అను బోస్టన్ వర్తకుడు, మిగిలిన ధనము సమకూడినచో తాను 10,000 డాలర్లిత్తునని వ్రాసెను. అతని తండ్రి ఆ కొండపై పోరాడినవాడు. న్యూఆర్లియన్సు నగరమున నున్న జూడా టూరో అను యూదువర్తకుడు తానును అంతే యిత్తుననెను. ఇతడు 1775 జూన్ 16న, అనగా పోరుకు ముందునాడు జన్మించినవాడు. 1815లో తన నగరమును కాపాడు యుద్ధమున తీవ్రముగ గాయపడి బ్రతికినవాడు. కీర్తి గోరక దానములు చేయువాడు. వేయిమైళ్ల దూరమున నున్న అన్యమతస్థునికి ఆ కొండపై నింత యభిమాన ముండుట చూచి బోస్టన్ పెద్దలు సిగ్గుపడి యుందురు. కాని ఈ రెండు దానములతో పని ముగియదు. ఇంకను 30,000 డాలర్లు కావలెను.

ఈ తరుణమున స్త్రీలు ముందుకు వచ్చిరి. ఈమారు హేల్ మొదలగువారు చందా నడుగలేదు, పని నడిగిరి. న్యూఇంగ్లండు ఊళ్లలోని యిల్లాండ్రకు, కన్యలకు వార్త పోయెను: మీ చేత నేమి యగునో అది చేసి పంపుడు. 1840 సెప్టెంబరు 8వ తేదీన బోస్టన్ పెద్దబజారు మేడమీది క్విన్సీ హాలులో సంత ప్రారంభమయ్యెను. బల్లలు వరుసగా వేయబడెను. వానిపై కుట్టుపని, అల్లికలు, బొంతలు, బుట్టలు, పండ్లమురబ్బాలు, పిండివంటలు, బొమ్మలు. ప్రసిద్ధపురుషుల చేవ్రాళ్లు గల యుత్తరములను సయితము విక్రయమున కుంచిరి. సంత జరిగినన్నాళ్లు హేల్ సంపాదకత్వమున దినమున కొక చిన్నపత్రిక వెలువడెను. దాని పేరు ‘స్తంభము’ అను నర్థము గలది. అదే వారమున విగ్గు రాజకీయపక్షమువారి మహాసభ బంకర్‌హిల్ నొద్ద జరుగుటచే వేలకొలది జనము నగరమునకు వచ్చిరి. ఆ తరుణమును స్త్రీలు పోనీయలేదు. 

ఏడు దినములు. సంత ముగియునప్పటికి ఖర్చులు పోను 30,000 డాలర్లకు మించి మిగిలినది. పదునేడేండ్లుగా సంఘము తలపెట్టి ముగింపలేని పనికి కావలసిన ధనము ఏడు దినములలో చేకూరెను. లారెన్సు, టూరోలు తమ మాట చెల్లించుకొనిరి. పని మఱల సాగెను. 1842 జూలై 23వ తేదీ యుదయమున శిఖరశిల పైకెక్కెను.

ఇచ్చట తొందరపడి స్త్రీలు గెలిచిరి, పురుషు లోడిరి అని చెప్పుట న్యాయము కాదు. ఇద్దఱు వర్తకుల 20,000 డాలర్లు లేక సంత సొమ్ముమాత్రము చాలదు. జీతము పుచ్చుకొనని విల్లర్డును, చేతిపనివారి సంఘమును మఱువరాదు. కాని సంతకును పూర్వపు చందాలకును గల భేదమును గమనింపవలెను. చందాపట్టీలో మనుజుడు తన పేరు నిచ్చును. సంతలో స్త్రీ తన పగళ్లను, రాత్రులను ఇచ్చినది. చందా వ్రాసినవాడు మనస్సు మార్చుకొనవచ్చును. కుట్టి పంపిన బొంత మనస్సు మార్చుకొనదు. అంతకన్న ముఖ్య మింకొకటి. ఎక్కడనో కొండపల్లెలో దీపమువెలుతురున మేజోడు అల్లిన ముసలమ్మకును ఆ స్తంభమున భాగమున్నది. అది బోస్టన్ పెద్దల స్తంభము కాక అందఱి స్తంభమయ్యెను. సామాన్యులు కొండపై పోరాడిరి. సామాన్యులే దానిని ముగించిరి.

ఈ మార్గమును తరువాతివా రనుసరించిరి. వాషింగ్టను నివసించిన గృహము పాడుపడుచుండగా ఆన్ పమేలా కన్నింగ్‌హామ్ అను రోగపీడిత 1853లో స్త్రీలనే పిలిచి సంఘ మేర్పఱచి, 2,00,000 డాలర్లు కూర్చి దానిని కాపాడెను. అంతర్యుద్ధకాలమున గాయపడిన సైనికుల సేవకై స్త్రీలు నగరనగరమున సంతలు జరిపిరి. 1863లో షికాగో సంతకు అధ్యక్షుడు లింకను బానిసవిమోచనప్రకటనకు తాను వ్రాసిన చేవ్రాతప్రతిని కానుకగా పంపెను; అది 3,000 డాలర్లకు అమ్ముడుపోయెను.

బానిసల మాట వచ్చినది గనుక కథలో మిగిలిన భాగమును చెప్పవలెను. దీనిని చెప్పక ముగించినచో వీరులకును సత్యమునకును అపచారము చేసినవార మగుదుము. 1843 జూన్ 17న స్తంభప్రతిష్ఠ జరిగెను. అధ్యక్షుడు జాన్ టైలర్ వచ్చెను. వెబ్‌స్టర్ మఱల నుపన్యసించెను. లక్షమంది వరకు చేరిరని చెప్పుదురు. కాని స్తంభపు రాయి వెడలిన క్విన్సీ గ్రామముననే యింటిలో కూర్చుండి, ఆ యుత్సవమునకు పోని వృద్ధు డొక డుండెను. అతడు మాజీ అధ్యక్షుడు జాన్ క్విన్సీ ఆడమ్సు. పోరు జరిగిననాడు అతనికి ఎనిమిదేండ్లు నిండలేదు. తల్లి అబిగెయిల్ చేయి పట్టుకొని ఊరివెలుపలి గుట్ట యెక్కి, ఫిరంగుల మ్రోత వినెను, చార్లెస్‌టౌను మంటలను చూచెను. మరణించిన డాక్టరు వారెన్ వారి యింటివైద్యుడు. బాలుని వ్రేలు విఱిగినపుడు దానిని తీసివేయకుండ కాపాడినవాడు. అట్టి వానికంటె ఆ యుత్సవమునకు పోదగినవా రెవరు? అయినను అతడు పోలేదు. టైలరు బానిసల యజమాని. స్వాతంత్ర్యమునకై మడిసినవారి స్తంభము క్రింద బానిసల స్వామి నిలిచి గౌరవములందుట ఆ స్థలమును మైలపఱచుటయే యని ఆడమ్సు తన దినచర్యలో వ్రాసికొనెను. బానిసత్వమునకు విరుద్ధముగ వచ్చు అర్జీలను శాసనసభ విననొల్లకుండగా ఏండ్లతరబడి ఒంటరిగా పోరాడుచున్న వృద్ధుడతడు. ఆ యర్జీలపై సంతకములు చేసినవారిలో పెక్కుమంది స్త్రీలు.

ఆ కొండపై పోరాడినవారిలో నల్లవారును కలరు. ఆండోవరు గ్రామపు సేలమ్ పూర్ అను నాతడు అంతకు ఆఱేండ్లక్రిందట 27 పౌనులిచ్చి తన స్వేచ్ఛను తానే కొనుక్కొన్నవాడు. పోరున నతడు చూపిన ధైర్యమును మెచ్చి, 1775 డిసెంబరులో 14 మంది సైన్యాధికారులు మసాచుసెట్సు ప్రభుత్వమునకు విజ్ఞాపన వ్రాసిరి. పీటర్ సేలమ్ అను నింకొకడు ఆ యుద్ధమున పనిచేసి, 1816లో పేదఱికమున మరణించెను. అతని సమాధికి ఫ్రామింగ్‌హామ్ గ్రామస్థులు 1882లో గాని తగిన రాయి నిలుపలేదు. స్తంభముపై నెవరి పేరును లేదు. కొండపై మృతిచెందినవారి పేరులు కంచుపలకలపై చెక్కబడి సమీపమున నున్న విన్‌త్రాపు చావడిలో నిలుచునప్పటికి 1889వ సంవత్సరము వచ్చినది. రాయి ముందు లేచెను. పేరులు తరువాత వచ్చెను. బానిసకు స్వేచ్ఛ వచ్చుటకు ఇంకొక మహాయుద్ధము కావలసివచ్చెను.

బానిసవిముక్తికై సంతలు జరిపిన స్త్రీలును, స్తంభమునకై సంత జరిపిన స్త్రీలును ఒకే నగరమువారు. ఒకే సూది, ఒకే దారము. కాని మొదటి సంతను పెద్దమనుష్యు లసహ్యించుకొనిరి, రెండవదానిని శ్లాఘించిరి. మృతులను పూజించుటలో నపాయము లేదు; మృతు లేమికోరి చచ్చిరో దానిని బ్రతికియున్నవారికిచ్చుటలోనే చిక్కున్నది. సారా హేల్ కూడ ఈ పరీక్షయందు సంపూర్ణముగ గెలిచినదని చెప్పజాలము. స్త్రీవిద్యకై ఆమె జీవితమంతయు పాటుపడెను. వివాహితకు ఆస్తిహక్కు కావలెనని వాదించెను. తొంబదవ యేట వఱకు కలమును విడువలేదు. కాని స్త్రీలకు వోటుహక్కు వలదనెను. ఇల్లే వారి రాజ్యమనెను. వేలకొలది స్త్రీలను ఇల్లు వెడలించి నగరపు నడిబజారున నిలిపిన స్త్రీయే యీ మాట చెప్పుట వింత. ఆమె చెప్పినదానికంటె చేసినది పెద్దది. చరిత్రలో సంస్కర్త లనేకు లిట్టివారే. వారు తెఱచిన తలుపుగుండ వారికంటె ముందుకు పోవుటయే వారికి మన మీయదగిన గౌరవము.

ఈ స్తంభము 1919లో రాష్ట్రప్రభుత్వమునకు, 1976లో జాతీయోద్యానశాఖకు చెందినది. 294 మెట్లెక్కి పైనుండి చూచినవారికి నగరము, నది, సముద్రము కనబడును. వారి కాళ్లక్రింద నున్న రాళ్లలో ఏవి పెద్దల చందాలతో లేచినవో, ఏవి బొంతలు కుట్టిన చేతులతో లేచినవో వెలినుండి చెప్పుట కష్టము. తెలిసినవారు మాత్రము క్రిందిరాళ్లకును మీదిరాళ్లకును నడుమ గడచిన యేండ్లను జ్ఞాపకము చేసికొందురు.

మనమును మన మృతవీరులకు చిహ్నములు నిలుపుచున్నాము, ఇకముందును నిలుపుదుము. నిలుపునపుడు మూడు విషయములు విచారించుకొనవలెను. చందాపట్టీ మొదటి పుటలోని పేరులు కాదు, కడపటి పుటలోని పేరు లెన్ని? కార్యభారమున ఇంటివారి కందఱికిని, ముఖ్యముగ స్త్రీలకు, పనివారికి, పేదలకు చోటున్నదా, లేక వారు చప్పట్లకు మాత్రమే పిలువబడిరా? చిహ్నమెదుట తలవంచుచున్న మనము, ఆ వీరుడు మరణించిన పని నింకను మిగిల్చియున్నామా? మొదటి రెండిటికిని జవాబు సరిగా వచ్చినచో రాయి తప్పక లేచును. మూడవదానికి జవాబు చెప్పనిదే లేచిన రాయికి అర్థము లేదు.